ప్రాస కలిసే ఇంగ్లిష్ పదాల పుస్తకం: కొనేముందు చూడవలసినవి

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి ఒక దుకాణంలో మా అమ్మాయి కోసం కొన్న ఈ చిన్న పుస్తకం, అంత్యప్రాస కుదిరే ఇంగ్లిష్ పదాలను గుంపులుగా చేర్చి, ఒక్కొక్కదానికి తెలుగులో అర్థం ఇస్తుంది. నైట్, లైట్, కైట్ అంటూ సాగే తొలి పుటలు చక్కగా ఉన్నాయి. రాత్రి, వెలుతురు, గాలిపటం అనే అర్థాలు పిల్లలకు వెంటనే గుర్తుండిపోతాయి.

మన పద్యంలో ప్రాస పాదంలోని రెండో అక్షరానికి సంబంధించినది కాగా, ఇంగ్లిష్‌లో ఊనిపలికే చివరి అచ్చు నుంచి పదాంతం వరకు ధ్వని కలవాలి, స్పెల్లింగు కాదు. పుస్తకం తడబడింది ఇక్కడే. చివరి అక్షరాలు ఒకేలా ఉన్నాయని, ‘రా’ అనే అర్థమున్న కమ్‌ను ఇల్లు అనే అర్థమున్న హోమ్‌తో, దగ్గు అనే కాఫ్‌ను గట్టిదనం తెలిపే టఫ్‌తో జతకట్టడం నాకు చాలా బాధ కలిగించింది, ఎందుకంటే ఇంట్లో సరిదిద్దేవారు లేని పిల్లలు ఆ తప్పునే వల్లెవేస్తారు. నిజానికి కమ్‌కు బొటనవేలు అనే థమ్, టఫ్‌కు చాలినంత అనే ఇనఫ్ సరిగ్గా కుదురుతాయి. బ్యాట్‌కు గబ్బిలం అనే అర్థం వదిలేయడం చిన్న లోపం. ముద్రణ స్పష్టంగా ఉంది. పెద్దలు పక్కన కూర్చొని బిగ్గరగా చదివించగలిగితేనే దీనిని కొనమంటాను.