చపుల్తెపెక్‌లో గైడ్ దేనికి కావాలి: కోటకా, మ్యూజియానికా?

మెక్సికో సిటీలోని చపుల్తెపెక్ పార్కులో చూడాల్సినవి రెండూ దగ్గరదగ్గరే ఉంటాయి. గుట్ట మీద కోట, కిందికి దిగి పెద్ద రోడ్డు దాటితే మానవశాస్త్ర మ్యూజియం. మధ్యలో ఇరవై నిమిషాల నడక. అందుకే రెండూ కలిపి ఒక్క పూటలో తిప్పేస్తామనే ప్రైవేట్ టూర్లు బోలెడు. నేను రెండు రకాలుగానూ వెళ్లొచ్చాను. మొదటిసారి మా ఆవిడా నేనూ, చేతిలో ఫోన్ తప్ప ఇంకేం లేకుండా. రెండోసారి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, ప్రైవేట్ గైడ్‌ని పెట్టుకుని. అప్పట్నుంచి డాలస్‌లో తెలిసినవాళ్లు ఎవరు ఆ ఊరు బయల్దేరినా "గైడ్ అవసరమా, డబ్బు దండగా?" అని నన్ను అడుగుతున్నారు. నా జవాబు ఒక్కటే: కోటకు అక్కర్లేదు, మ్యూజియానికి కావాలి. ఎందుకో చెప్తాను.

ముందు కోట. చపుల్తెపెక్ అంటే అక్కడి నహువా భాషలో మిడతల గుట్ట అని. కోట అనగానే గోల్కొండలాంటిది ఊహించుకోకండి. ఇది 1785లో స్పెయిన్ వైస్రాయ్ బెర్నార్డో దె గాల్వెస్ తన విడిది కోసం మొదలుపెట్టిన భవనం. తర్వాత సైనిక కళాశాల అయింది. 1847 సెప్టెంబర్ 13న అమెరికా సైన్యం దాడి చేసింది దీనిమీదే. 1864లో ఫ్రాన్స్ అండతో చక్రవర్తిగా వచ్చిన ఆస్ట్రియా రాజకుమారుడు మాక్సిమిలియన్, భార్య కార్లోటాతో ఇక్కడే కాపురం పెట్టాడు. మూడేళ్లకే అతన్ని పట్టుకుని కాల్చి చంపారు. ఆ తర్వాత అధ్యక్షులు ఉన్నారు. 1944 నుంచి జాతీయ చరిత్ర మ్యూజియం.

ఇంత కథ ఉన్నా, కోట చూస్తుంటే దానంతట అదే అర్థమవుతుంది. రాణిగారి పడక, చక్రవర్తి గుర్రబ్బండి, చదరంగం బల్లలాంటి నలుపు తెలుపు గచ్చు, రంగుటద్దాల్లో నిలబడ్డ ఐదుగురు దేవతలు. మిద్దె మీద నిలబడితే రెఫోర్మా రోడ్డు గీత గీసినట్టు ఊళ్లోకి వెళ్లిపోతుంది. ఆ రోడ్డు వేయించిందీ మాక్సిమిలియనే. వీటిని చూడ్డానికి పక్కన మనిషి ఎందుకు? పెద్ద మెట్ల దగ్గర మాత్రం ఒకసారి తలెత్తి చూడండి. పైకప్పు మీద జెండా చుట్టుకున్న ఓ కుర్రాడు సరిగ్గా మన నెత్తిన పడుతున్నట్టు ఉంటాడు. 1847 యుద్ధంలో శత్రువు చేతికి జెండా చిక్కకుండా కిందికి దూకాడని చెప్పుకునే ఖ్వాన్ ఎస్కూతియా బొమ్మ అది. చరిత్రకారులు ఈ కథను పూర్తిగా నమ్మరు, జనం మాత్రం నమ్ముతారు.

కోటలో గైడ్ లేకపోతే నష్టపోయేది గోడచిత్రాల దగ్గరే. ఖ్వాన్ ఓ'గోర్మన్, సికేరోస్ వేసిన గోడల మీద మనుషులు కిక్కిరిసి ఉంటారు. ఎవరు ఎవరో తెలీకపోతే అది ఉత్త జాతరే. దీనికి నా చిట్కా: ముందురోజు రాత్రి హోటల్లో ఓ అరగంట మెక్సికో స్వాతంత్ర్యం, విప్లవం గురించి చదువుకోండి. సగం ముఖాలు గుర్తుపడతారు.

మ్యూజియం సంగతి వేరు. 1964లో తెరిచారు, రూపం గీసిన ఆర్కిటెక్ట్ పెద్రో రమీరెస్ వాస్కెస్. నడి ఆవరణలో ఒకే స్తంభం మీద నిలబెట్టిన అంత పెద్ద కప్పు, దాని మీంచి జారే నీళ్లు చూసే మేం అరగంట ఆగిపోయాం. తర్వాత కుడిచేతి వైపు మొదలుపెట్టి ఒక్కో హాలూ శ్రద్ధగా చూసుకుంటూ పోయాం. అదే పొరపాటు. అసలు చూడాల్సిన మెషీకా హాలు, అంటే మనం ఆజ్టెక్‌లు అనేవాళ్లది, ఆవరణకు ఆ చివర ఉంటుంది. అక్కడికి చేరేసరికి కాళ్లు లాగేస్తున్నాయి. పన్నెండడుగుల వెడల్పున్న సూర్యశిల ముందు ఫోటో దిగి, "క్యాలెండర్ అంట" అనుకుని వచ్చేశాం.

రెండోసారి గైడ్ మమ్మల్ని తిన్నగా ఆ హాల్లోకే తీసుకెళ్లాడు. సూర్యశిల గోడకు తగిలించే క్యాలెండర్ కాదన్నాడు. 1790లో ఊరి నడిబొడ్డున నేల తవ్వుతుంటే దొరికిందని, తర్వాత చాలా ఏళ్లు పెద్ద చర్చి గోడకు ఆనించి ఉంచారని చెప్పాడు. మధ్య ముఖం చుట్టూ ఉన్న ఇరవై గడుల్ని వేలితో లెక్కపెట్టించాడు. ఒక్కో గడీ ఒక్కో రోజు గుర్తు: మొసలి, గాలి, ఇల్లు, బల్లి... నాన్న ఇరవై వరకూ లెక్క తప్పకుండా వెళ్లాడు.

దాని తర్వాత కోట్లిక్వే. అదే ఏడాది దొరికిన అమ్మవారు. తల ఉండాల్సిన చోట ఎదురుబొదురుగా రెండు పాము తలలు, కట్టుకున్నది పాముల పావడా, మెడలో చేతులు, గుండెలు, మధ్యలో పుర్రె. అప్పట్లో జనం వచ్చి మొక్కడం మొదలుపెట్టేసరికి పాదిరీలు భయపడి మళ్లీ పాతిపెట్టించారట. అమ్మ ఆ మెడవైపు చూసి "కాళికమ్మ లాగుందిరా" అంది. గైడ్ నవ్వి, విగ్రహం అడుగున, ఎవరికీ కనపడని చోట కూడా బొమ్మ చెక్కారని తన ట్యాబ్‌లో ఫోటో చూపించాడు. నేను మొదటిసారి దీన్ని దాటుకుని వెళ్లిపోయానంటే నాకే సిగ్గేసింది.

ఇంత బాగుంటే గొడవేమిటంటారా? మేం తీసుకున్నది రెండూ కలిపిన పూట ప్యాకేజీ. పొద్దున్నే కోటెక్కించారు. ఊరే 2,240 మీటర్ల ఎత్తులో ఉంది, గుట్ట ఎక్కేసరికి నాన్నకు ఆయాసం. పైన అధ్యక్షుల పేర్లు వరసపెట్టి చెప్పడంతోనే రెండున్నర గంటలు. మ్యూజియానికి మిగిలింది గంటన్నర. దానికి తోడు గైడ్ ఇంగ్లిష్‌లో చెప్తే నేను అమ్మకు తెలుగులో చెప్పాలి, అంటే ప్రతి కథకూ రెట్టింపు టైమ్. మాయా హాల్లో వాళ్ల రాజు పకాల్ సమాధి నకలు దగ్గర నిలబడీ నిలబడకముందే టైమైపోయింది. తప్పు గైడ్‌ది కాదు, ప్యాకేజీది. డబ్బు మాత్రం మాది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఒకే మనిషి రెండు చోట్లా తిప్పితే కొన్ని ముడులు విప్పుతాడు. ఆజ్టెక్ చక్రవర్తి మోక్తెసూమాదని చెప్పే ఈకల కిరీటానికి నకలే ఇక్కడుంది, అసలుది వియన్నాలో ఉందని చెప్తూ, "పొద్దున చూసిన పడకగది యజమాని కూడా ఆ ఊరివాడే" అన్నాడు, మాక్సిమిలియన్ గురించి. అది నాకు తట్టేది కాదు. కానీ ఆ ఒక్క మాటకోసం పూట ప్యాకేజీ కొనమని చెప్పలేను.

గ్రూప్ టూర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చవక. కానీ పదిహేను మంది వెనక పరిగెత్తుతూ పెద్దవాళ్లకు తెలుగులో చెప్పడం కుదరదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు సరిపోతుంది. వాళ్లకైనా మ్యూజియంలో అద్దెకిచ్చే ఆడియో గైడే మేలని నా లెక్క, ఆపుకోవచ్చు, మళ్లీ వినొచ్చు. ప్రైవేట్ గైడ్‌కి సాధారణంగా మనిషికింత అని కాకుండా బృందానికింత అని తీసుకుంటారు. నలుగురైదుగురు ఉంటే తలకు పడేది తక్కువే. ఇద్దరే అయితే ఆలోచించుకోవాలి.

మాట్లాడుకునేటప్పుడు మ్యూజియం ఒక్కదానికే, మూడు గంటలని చెప్పండి. మెషీకా, మాయా, తియోతివాకాన్ అనే పాత నగరానిది, ఓల్మెక్ అనే పాత నాగరికత రాతి తలలున్న హాలు, ఈ నాలుగూ చాలు. మెడలో ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉందో లేదో చూసుకోండి. కోటకు వేరే రోజు పొద్దున తొమ్మిదికల్లా మీరే వెళ్లండి. నీళ్ల సీసాలు లోపలికి రానివ్వరు, కిందే తాగేసి ఎక్కండి. సోమవారం రెండూ మూసేస్తారు. ఆదివారం స్థానికులకు ఉచితం కాబట్టి తిరునాళ్లే.

గైడ్‌ని పంపించేశాక మేం మ్యూజియం పై అంతస్తుకు ఎక్కాం. టూర్లలో దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ఇవాళ్టి ఆదివాసీ తెగల ఇళ్లు, బట్టలు, వంటిళ్లు అక్కడున్నాయి. పలకల మీద ఎక్కువగా స్పానిషే. అమ్మకు ఆ పలకలతో పనే పడలేదు. మొక్కజొన్న నూరుకునే రాయి ముందు ఆగింది. వాళ్లు దాన్ని మెతాతే అంటారు, మూడు కాళ్ల మీద కాస్త ఏటవాలుగా ఉంటుంది. "సన్నికల్లే కదరా. కాళ్లు పెట్టారంతే," అంది. పక్కనున్న చిన్న రోలు చూసి అందులో ఏం దంచుతారని అడిగింది. టమాటా, మిరపకాయలు అని చెప్పాను. టమాటా అనే మాటా, మన సపోటా అనే మాటా ఈ నహువా వాళ్ల నుంచి వచ్చినవేనని కూడా చెప్పాను. "పచ్చడి నూరుకునేవాళ్లన్నమాట," అని నాన్నను పిలిచి చూపించింది. మేం ఆ పై అంతస్తులో రెండు గంటలున్నాం.