ఊళ్లో ఫైబర్ నెట్: ప్లాను చౌకే, డ్రాప్ వైరుతోనే తంటా

2017 డిసెంబర్ 27న ప్రభుత్వ నెట్ సర్వీసు ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు అన్నారు. గోతులు తవ్వకుండా కరెంటు స్తంభాల మీద కేబుల్ లాగారు కాబట్టే అంత చౌకలో పల్లెలకు వచ్చింది. తంటా కూడా అక్కడే ఉంది.

ఏ కంపెనీ బోర్డు పెట్టినా, చాలా ఊళ్లలో ఇంటిదాకా వైరు తెచ్చేది లోకల్ కేబుల్ ఆపరేటరే. అందుకే ఈ రివ్యూ ఆ చివరి రెండు మూడు స్తంభాల గురించి, అక్కడి నుంచి ఇంట్లోకి దిగే డ్రాప్ వైరు గురించి.

ముందు డబ్బు సంగతి. నెలకు 399 రూపాయల ప్లాను తీసుకుంటే జీఎస్టీతో 471 అవుతుంది. అది కట్టగలిగినా ఇంట్లో పెట్టే నెట్ బాక్సుకు డిపాజిట్, వైరు ఖర్చు, కొన్ని నెలల అడ్వాన్సు ఒకేసారి అడిగితే కూలికెళ్లే ఇల్లు వెనకాడుతుంది. ఫోన్ రీచార్జే నయమనుకుంటుంది.

ఇక వైరు. కోతలయ్యాక వరిగడ్డి ట్రాక్టరు వీధిలోకి వచ్చిందంటే, కిందికి వేలాడే డ్రాప్ వైరు తెగినట్టే. ఇది రాగి తీగ కాదు, వెలుతురు మోసే గాజు పోగు; మెలితిప్పి టేపు చుడితే పనిచేయదు. పోగుల కొసలను కరిగించి కలిపే స్ప్లైసింగ్ మిషన్‌తో అతికిస్తే వెలుతురు నష్టం దాదాపు ఉండదు. మిషన్ మండల కేంద్రంలో ఉంటుంది, ఊళ్లో ఉండదు. అందుకని మిషన్ లేకుండా చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టర్ పెట్టి వెళ్లిపోతారు. అలాంటివి రెండు మూడు పడ్డాయా, సాయంత్రానికో వానకో నెట్ ఊగిసలాడుతుంది.

బాక్సు మీద ఎల్ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్) లైటు ఎర్రగా వెలిగితే వెలుతురు రావట్లేదని అర్థం: వైరు తెగింది, లేదా కిటికీ సందులో నలిగింది. మిగిలిన వైరును 6 సెంటీమీటర్ల కంటే చిన్న చుట్టగా కట్టినా ఇదే గొడవ. బిగించే రోజే, వచ్చే వెలుతురు ఎంత బలంగా ఉందో కొలిచే పవర్ మీటర్ పెట్టించండి. మీటర్ మీద అంకె మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం (వెలుతురు బలానికి కొలత) మధ్య ఉంటే సరే. మైనస్ 27 దాటి మైనస్ 28, 29 అలా కిందికి పోతే ఒప్పుకోవద్దు. పక్కింటికి ఇవ్వడానికి మీ వైరు మధ్యలో వెలుతురును రెండుగా పంచే స్ప్లిటర్ పెడితే వెలుతురు సగమవుతుంది, అంటే 3 డీబీ పోయినట్టే. చాలామంది అడగరు, బిగించేవాళ్లూ చెప్పరు.

కరెంటు కోతలకు 12 వోల్టుల మినీ యూపీఎస్ మంచిదే. అయితే కొనేముందు ఆపరేటర్ దగ్గర బ్యాటరీ ఉందో లేదో కనుక్కోండి. అక్కడ కరెంటు ఆగితే మీ బాక్సు వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం రాదు.