కోటకి వెళ్ళే ముహూర్తం: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌తో 240 గంటలు

బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ నింటెండో వాళ్ళ జెల్డా వరుసలో ఒక వీడియో గేమ్, అందులో మనం ఆడేది లింక్ అనే వీరుడిగా. ఆట మొదలయ్యే గ్రేట్ ప్లాటో అనే పీఠభూమి మీద నాలుగు ష్రైన్లు (పజిళ్ళుండే చిన్న గుళ్ళు) ముగించి, అక్కడి ముసలాయన దగ్గర పారాగ్లైడర్ తీసుకున్నామో లేదో, మన క్వెస్ట్‌ల జాబితాలో ఒక లైను చేరుతుంది. కోటలో ఉన్న విలన్ గానన్‌ని అంతం చెయ్యమని. అప్పటికి మన దగ్గర ఉండేవి మూడో నాలుగో గుండెలు (మన ప్రాణం లెక్క), ఏ నిమిషాన విరుగుతుందో తెలియని కత్తి, కుండ మీద మూత లాంటి డాలు. అయినా దారి తెరిచే ఉంటుంది. ఏ కొండ ఎక్కినా మధ్యలో హైరూల్ కోట, దాని చుట్టూ తిరిగే ఎర్రటి పొగ కనిపిస్తూనే ఉంటాయి. నేరుగా అక్కడికి పోవడం సాహసం కాదు, తెలివితక్కువ పని అని ముసలాయన హెచ్చరిస్తాడు. కానీ ఆపడు. అరగంట లోపే గేమ్ మొత్తం ముగించే స్పీడ్ రన్నర్లు ఉన్నారంటే కారణం ఇదే.

2017 మార్చిలో వచ్చిన ఈ గేమ్‌ని నేను 2018 చివర్లో, మా బావ దుబాయ్ నుంచి వస్తూ తెచ్చిన నింటెండో స్విచ్ కన్సోల్‌లో మొదలుపెట్టాను. రెండు సార్లు పూర్తిగా ఆడాను. మా చెల్లి ఆడుతుంటే పక్కన కూర్చుని చూసింది వేరే. గ్రాఫిక్స్ గురించీ, విరిగిపోయే ఆయుధాల గురించీ రాసినవాళ్ళు బోలెడుమంది. ఇన్నేళ్ళ తర్వాత నాకు చెప్పాలనిపించేది ఒక్కటే: కోటకి ఎప్పుడు వెళ్ళాలి? ఈ గేమ్‌లో అన్నిటికంటే పెద్ద నిర్ణయం అదే, దాన్ని గేమ్ పూర్తిగా మన చేతికి వదిలేసింది. నేను ఒకసారి మరీ తొందరపడ్డాను, ఇంకోసారి మరీ ఆలస్యం చేశాను. రెండు రకాలుగానూ నష్టపోయాను.

మొదటిసారి వెళ్ళింది పాతిక గంటలు ఆడాక. ఏడు గుండెలు, జోరాలనే చేప మనుషుల ఊళ్ళో వా రూటా అనే పెద్ద యంత్ర మృగాన్ని గానన్ పట్టు నుంచి విడిపించిన ధైర్యం. జోరా కవచం వేసుకుంటే జలపాతాల్లో పైకి ఈదొచ్చు కాబట్టి కోట వెనక వైపు నుంచి పైకి చేరాను. అక్కడ గార్డియన్లు, అంటే లేజర్ వదిలే పాతకాలపు యంత్రాలు, ఉన్నాయి. ఆడినవాళ్ళకి ఆ క్షణం తెలుసు: ఒంటి మీద ఎర్రటి చుక్క పడుతుంది, పియానో పరుగు అందుకుంటుంది, బీప్ శబ్దం దగ్గరవుతూ ఉంటుంది. లేజర్ వదిలే క్షణంలో డాలు అడ్డం తోస్తే అది తిరిగి దాని కంటికే తగులుతుంది. ఆ అదను నాకింకా పట్టుబడలేదు. పరిగెత్తి, దాక్కుని, మళ్ళీ పరిగెత్తి ఎలాగో సింహాసనం గదిలోకి వెళ్ళాను.

అక్కడ అసలు లెక్క తెలిసింది. రూటా లాంటి యంత్ర మృగాలు నాలుగు, వాటినే డివైన్ బీస్ట్‌లు అంటారు. మనం విడిపించని ఒక్కో డివైన్ బీస్ట్‌కి బ్లైట్ గానన్ అనే గానన్ రూపం ఒక్కోటి వరుసగా మీదికొస్తుంది. విడిపించినవి మాత్రం మన పక్షాన నిలబడి కాల్చి, అసలు గానన్ బలాన్ని కొంత కొంత తగ్గిస్తాయి. నాలుగూ మనవైతే గానన్ సగం ప్రాణంతోనే మనకి ఎదురుపడతాడు. నా వెనక ఉన్నది ఒక్క రూటా. ఎదురుగా మూడు బ్లైట్లు. వాటిలో థండర్‌బ్లైట్ ఎటునుంచి వచ్చిందో చూసేలోపే నా డాలు ఎగిరిపోయింది. నాలుగుసార్లు చచ్చి పాత సేవ్‌కి వెళ్ళిపోయాను. ఓడిపోయినందుకు కాదు నా బాధ. అంత దూరం ఎవరికోసం వచ్చానో నాకే తెలియకుండా వచ్చాను, అది ఇప్పటికీ బాధే. కోటలో గానన్‌ని ఆపి ఉంచిన యువరాణి జెల్డా అప్పటికి నాకు ఒక గొంతు మాత్రమే.

ఆ దెబ్బతో నేను రెండో పొరపాటులో పడ్డాను. పూర్తి సన్నద్ధం అయ్యేదాకా కోట గడప తొక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాను. 120 ష్రైన్లూ చేశాను. హటెనో ఊళ్ళో మూడు వేల రూపీలు (గేమ్‌లోని డబ్బు), ముప్ఫై కట్టెల మోపులు ఇచ్చి ఇల్లు కొన్నాను. టారీ టౌన్ అనే కొత్త ఊరికి ఊరూరా తిరిగి మనుషుల్ని పోగుచేశాను. రోబీ అనే శాస్త్రవేత్త దగ్గర ఏన్షెంట్ కవచం కొన్నాను. లోకమంతా దాచి ఉంచిన కోరోక్ విత్తనాల కోసం రాళ్ళన్నీ ఎత్తి చూశాను. ఆ వందకు పైగా గంటల్లో విసుగనిపించిన రోజు లేదు, నిజంగా లేదు. రాత్రి పనంతా అయ్యాక అకాలా కొండల మీద గుర్రం తోలుతుంటే ఆ రోజు టెన్షన్ అంతా దిగిపోయేది. మా చెల్లి అప్పుడప్పుడు వచ్చి చూసి, "అన్నయ్యా, ఆ పిల్ల వందేళ్ళ నుంచి లోపల ఒక్కతే వాడిని పట్టుకుని నిలబడింది కదా, నువ్వింకా పుట్టగొడుగులు ఏరుతున్నావేంటి?" అనేది. నా దగ్గర జవాబు ఉండేది కాదు. చచ్చిన రాక్షసులు మళ్ళీ లేచే బ్లడ్ మూన్ రాత్రి వచ్చిన ప్రతిసారీ జెల్డా గొంతు వినపడుతుంది, జాగ్రత్తగా ఉండమని. ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు గుచ్చుకునేది.

190 గంటల దగ్గర చివరికి వెళ్ళాను. ఫలితం మీరు ఊహించగలరు. నాలుగు డివైన్ బీస్ట్‌లూ కాల్చాయి, గానన్ ప్రాణం సగానికి పడిపోయింది. మాస్టర్ సోర్డ్ అనే ప్రత్యేకమైన కత్తి అతని ఎదుట వెలుగుతూ రెట్టింపు బలంతో తగిలింది. కాసేపటికి ఒంటి చుట్టూ కవచం వేసుకున్నాడు. ఉర్బోసా అనే యోధురాలు ఇచ్చిన పిడుగుల వరంతో అదీ పోయింది. తర్వాత బయట మైదానంలో గుర్రం మీద తిరుగుతూ వెలుగు బాణాలు వేసే ఘట్టం చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కష్టం మాత్రం ఏమీ ఉండదు. మూట నిండా వండిపెట్టుకున్న తిండిలో నేను ముట్టుకున్నది ఒక్కటే. అన్నేళ్ళు ఎదురుచూసిన పోరు అంత తేలిగ్గా ముగిసిపోతే నాకు గెలిచినట్టు అనిపించలేదు, ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది.

నా అభిప్రాయం మారింది చెల్లి ఆట చూశాకే. తను అదే స్విచ్‌లో తన పేరున ప్రొఫైల్ పెట్టుకుని మొదలుపెట్టింది. నాలా అన్నీ చెయ్యాలన్న పట్టుదల తనకి లేదు. తనకి కావలసింది జెల్డా కథ. లింక్ చేతిలో ఉండే షీకా స్లేట్ అనే పలకలో ఉన్న 12 ఫొటోలు పట్టుకుని ఆ చోట్లన్నీ వెతికింది. ఒక్కో చోట లింక్ మరచిపోయిన ఒక్కో జ్ఞాపకం దొరుకుతుంది. అవి పూర్తయితే పదమూడో దాన్ని కాకరికో ఊళ్ళో ఇంపా అనే ముసలామె చూపిస్తుంది. ఆ చివరి జ్ఞాపకం ఉన్న చోటు బ్లాచరీ మైదానం. తుప్పు పట్టిన గార్డియన్లు పడి ఉంటాయే, హటెనోకి వెళ్ళే దారిలో, అదే. నేను ఆ దారిన ఇరవై ముప్ఫై సార్లు గుర్రం మీద పోయుంటాను. వందేళ్ళ కిందట లింక్ కూలబడింది అక్కడేననీ, వాడికి అడ్డం నిలబడినప్పుడే జెల్డాలో ఆ శక్తి మేలుకుందనీ చెల్లి సోఫాలో కాళ్ళు ముడుచుకుని చూస్తున్నప్పుడు నాకు మొదటిసారి ఒళ్ళు జలదరించింది. నా ఆటలో నేను అదే సీన్ ఏదో జాబితాలో టిక్కు పెట్టుకున్నట్టు, వంద గంటలు దాటాక ఎప్పుడో చూశాను. జ్ఞాపకాలన్నీ దొరికాకే గేమ్ చివర్లో ఒక అదనపు సీన్ వస్తుంది. ఆ సీన్ కోసమైనా ఇది ముందే పూర్తి చెయ్యాలి.

45 గంటల దగ్గర తన దగ్గరున్నవి ఇవీ: రూటా, మెడో అనే రెండు డివైన్ బీస్ట్‌లు, 13 గుండెలు, అప్పుడే లాస్ట్ వుడ్స్‌లో రాతినుంచి లాగిన మాస్టర్ సోర్డ్. ఆ కత్తికి 13 గుండెలు తప్పనిసరి, తిండితో వచ్చే పసుపు గుండెలు లెక్కలోకి రావు. మొదట ఉండేవి మూడు. ఒక్కో డివైన్ బీస్ట్‌కి ఒకటి వస్తుంది. నాలుగు ష్రైన్లకి ఒకటి. అంటే రెండు బీస్ట్‌లు చేసినవాళ్ళకి 32 ష్రైన్లు చాలు. ష్రైన్ల వల్ల వచ్చింది గుండెలకి బదులు స్టామినా మీద ఖర్చుపెట్టేశామని దిగులు పడేవాళ్ళకి హటెనో దగ్గర కొమ్ముల విగ్రహం ఉంది. అది వంద రూపీలిచ్చి స్టామినా తీసుకుని, 120 రూపీలకి గుండె ఇస్తుంది. 120 ష్రైన్లూ చేసేదాకా ఆగనవసరం లేదని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

నేరుగా పోరుకి పోవద్దు, ముందు కోట చూద్దాం అని తనే అంది. అది మంచి ఆలోచన. కోట కింద పడవల రేవులో పెద్ద దివిటీ వెలిగిస్తే ఒక ష్రైన్ పైకొస్తుంది. దాన్ని తాకి పెట్టుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు అక్కడికి వార్ప్ అవ్వచ్చు (ఒక్క క్షణంలో చేరుకోవచ్చు), భయమేస్తే వెనక్కీ పోవచ్చు. చెరసాలలో ఎముకల రాక్షసుడిని పడగొడితే హైలియన్ షీల్డ్ దొరుకుతుంది. బయట హోరెత్తే సంగీతం గదుల్లోకి అడుగుపెట్టగానే మెత్తబడుతుంది. లైబ్రరీ వెనక రాజు గది ఉంది, అందులో డైరీ. కూతురిని అన్నేళ్ళూ మందలిస్తూ వచ్చిన తండ్రి, తను లనేరు కొండ నుంచి తిరిగొచ్చాక ప్రేమగా మాట్లాడాలని అందులో రాసుకున్నాడు. ఆ రోజే గానన్ లేచాడు. ప్లాటో మీద మనకి పారాగ్లైడర్ ఇచ్చిన ముసలాయన ఈ రాజే. చెల్లి ఆ పేజీ రెండుసార్లు చదివి, కంట్రోలర్ పక్కన పెట్టి, "ఇక వెళ్దాం" అంది.

ఫైర్‌బ్లైట్‌ని దాటింది. థండర్‌బ్లైట్ దగ్గర మళ్ళీ అదే కథ. ఇనప స్తంభాలు పైనుంచి పడుతుంటే మాగ్నెసిస్ అనే అయస్కాంత శక్తితో ఒకటి పట్టుకుని, పిడుగు పడే వేళకి దాని మీదికే తోసింది. అది కూలబడింది. కానీ ఇంకా చావలేదు, లేచి ఒక్క ఉదుటున మీదికొచ్చింది. గుండెలన్నీ ఖాళీ. నేను అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు మీఫా వచ్చింది. రూటాని విడిపించినందుకు ఆమె ఇచ్చిన వరం, పడిపోయినవాడిని ఒకసారి లేపి నిలబెడుతుంది. లింక్ లేచాడు. చెల్లి చేతులు వణుకుతున్నాయి, అయినా కళ్ళు తిప్పలేదు. అసలు గానన్‌ని కూల్చేసరికి తన దగ్గర తిండి లేదు, బాణాలు మూడు ఉన్నాయి, మాస్టర్ సోర్డ్ కూడా అలసిపోయింది. ఇంట్లో అందరూ పడుకున్నారు కాబట్టి అరవలేక ఇద్దరం నోరు మూసుకుని గెంతాం. నా 190 గంటల గెలుపు నాకు ఇవ్వనిది ఆ రాత్రి తన గెలుపు ఇచ్చింది.

అందుకే ఎవరడిగినా ఇదే చెబుతాను. జ్ఞాపకాలన్నీ వెతకండి. రెండు డివైన్ బీస్ట్‌లు, మాస్టర్ సోర్డ్ చాలు. డ్యూరియన్లు దొరికితే నాలుగైదు పళ్ళు విడివిడిగా వండి దగ్గరుంచుకోండి. ఒక్కటి వండినా గుండెలన్నీ నిండి పైన నాలుగు వస్తాయి. గార్డియన్ లేజర్‌ని తిప్పికొట్టడం మైదానంలో ఒక్క గార్డియన్ దగ్గర సాధన చెయ్యండి. అంతే, బయల్దేరండి. కోటని చూస్తే ఇంకా కొంచెం భయంగా ఉన్నప్పుడే వెళ్ళాలి. మరీ ముందు వెళ్తే ఎవరికోసం పోరాడుతున్నామో తెలియదు. మరీ ఆలస్యమైతే పోరాడాల్సిన పనే ఉండదు.

మిగతా ష్రైన్లు, విత్తనాలు పోతాయని బెంగ వద్దు. గానన్‌ని ఓడించాక గేమ్ మనల్ని ఆ పోరుకి ముందున్న చోటుకే తెచ్చి దింపుతుంది. సేవ్ మీద ఒక నక్షత్రం వస్తుంది, మ్యాప్‌లో ఎంత శాతం పూర్తయిందో కనపడుతుంది. ఆడుకోవడానికి అంతా అలాగే ఉంటుంది. ఈ గేమ్ మీద నాకున్న ఒకే ఒక్క పెద్ద ఫిర్యాదు కూడా ఇదే. గెలిచినా లోకం మారదు. కోట చుట్టూ పొగ అలాగే తిరుగుతుంది. జెల్డా గొంతు బ్లడ్ మూన్ రాత్రి మళ్ళీ హెచ్చరిస్తుంది. కాకరికోలో ఇంపాకి చెబుదామంటే ఆమెకి తెలియదు. మనం విడిపించిన మనిషితో హటెనో ఇంట్లో ఒక్క పూటైనా కూర్చోనివ్వలేదు. ఇంత ప్రేమగా చేసిన గేమ్ ఇక్కడ చెయ్యి వదిలేసిందని ఆడిన ప్రతిసారీ అనిపించింది.

చెల్లి గెలుపు చూశాక నేను కొత్త ప్రొఫైల్‌లో తను వెళ్ళిన దారిలోనే మళ్ళీ ఆడాను. 50 గంటలు పట్టింది. థండర్‌బ్లైట్ నన్ను ఈసారీ రెండుసార్లు చంపింది. మూడోసారి నా డాలు ఎగిరిపోలేదు.

ఇప్పుడు దీని తర్వాతి భాగం, 2023లో వచ్చిన టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ ఆడుతున్నాను. అందులోనూ చివరి బాస్ దగ్గరికి దారి మొదట్నుంచీ తెరిచే ఉంటుంది, వదిలేసిన గుళ్ళ బాస్‌లు చివర్లో ఎదురొస్తాయి. నాకు రెండు గుళ్ళు అయ్యాయి. కోట కింద ఆ పెద్ద గొయ్యి అంచున నిలబడి చూస్తే కాళ్ళ కింద అంతా చీకటే, దిగాలంటే భయంగానే ఉంది. వచ్చే శనివారం రాత్రి చెల్లి వస్తానంది. తను వచ్చాక దిగుతాను.