సర్జికల్ స్టేప్లర్: ఏళ్ల తరబడి వాడిన సర్జన్ సమీక్ష

పేగులకూ జీర్ణాశయానికీ చేసే ఆపరేషన్లలో నేను చాలా ఏళ్లుగా స్టేప్లర్లు, అంటే దారంతో కుట్టడానికి బదులు లోహపు పిన్నులతో (స్టేపుళ్లతో) కణజాలాన్ని మూసే పరికరాలు, వాడుతున్నాను. తిన్నని వరుసల్లో స్టేపుళ్లు వేసి మధ్యలో కోసే లీనియర్ కటర్, చిన్న రంధ్రాల గుండా చేసే లాపరోస్కోపీకి వాడే పొడవాటి ఎండోస్టేప్లర్, పురీషనాళానికి వాడే సర్క్యులర్ స్టేప్లర్, చర్మానికి వాడే స్కిన్ స్టేప్లర్, ఈ నాలుగూ నా చేతికి బాగా అలవాటైనవే. వీటిలో ఏ కంపెనీది కొనాలని జూనియర్లు తరచూ అడుగుతారు. కంపెనీ కంటే ముందు, మూయబోయే కణజాలం ఎంత మందంగా ఉంది, దానికి తగిన కార్ట్రిడ్జ్ (స్టేపుళ్లు నింపి ఉండే డబ్బీ) ఏది అన్నది తేల్చుకోవాలని నా అభిప్రాయం. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

కార్ట్రిడ్జ్‌లో స్టేపుల్ U ఆకారంలో నిలబడి ఉంటుంది. పేగులకు వాడేవాటిలో అది సన్నని టైటానియం తీగ. హ్యాండిల్ నొక్కినప్పుడు లోపల ఏటవాలు అంచున్న చిన్న ముక్క ఒకటి ముందుకు జరుగుతూ ఒక్కొక్క స్టేపుల్‌నూ కింది నుంచి పైకి నెడుతుంది. దాని రెండు కాళ్లూ కణజాలం పొరలను చీల్చుకుని అవతలి దవడలో, అంటే యాన్విల్‌లో, చెక్కి ఉన్న చిన్న గుంటలను తాకి, ఆ గుంటల వంపు వెంట లోపలికి తిరిగి, మళ్లీ స్టేపుల్ వీపు వైపు వస్తాయి. అలా U కాస్తా B అవుతుంది. కాగితాలకు కొట్టే పిన్ను కాళ్లు బల్లపరుపుగా అణిగిపోతాయి. ఇక్కడ మాత్రం B లోని రెండు గుండ్రటి ఖాళీల్లో కణజాలం నలగకుండా మిగులుతుంది, సన్నటి రక్తనాళాలు వాటి గుండా పారుతూనే ఉంటాయి. కోత అంచు ప్రాణంతో ఉండి మానడానికి ఆధారం ఈ ఖాళీలే. వరుసలను ఒకదాని పక్కన ఒకటి సూటిగా కాక కాస్త ముందు వెనకలుగా జరిపి పేర్చడం వల్ల ఒక వరుసలోని సందును పక్క వరుసలోని స్టేపుల్ కప్పుతుంది. ఎండోస్టేప్లర్ సాధారణంగా కోతకు అటు మూడు, ఇటు మూడు వరుసలు వేస్తుంది. వాటి మధ్య నడిచే కత్తి చివరి స్టేపుల్ దాకా పోకుండా కాస్త ముందే ఆగుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1908లో బుడాపెస్ట్‌లో హ్యూమేర్ హుల్ట్‌ల్ అనే సర్జన్ తయారు చేయించిన బరువైన యంత్రంలోనే B ఆకారమూ, ముందు వెనకలుగా జరిపిన రెండేసి వరుసలూ ఉన్నాయి. ఆ తరువాత అదే నగరంలో అలదార్ పెట్జ్ దానిని తేలిక చేశారు. సోవియట్ యూనియన్‌లో అభివృద్ధి అయిన పరికరాలను 1958లో కీవ్‌లో చూసిన అమెరికన్ సర్జన్ మార్క్ రావిచ్ వాటిని అమెరికాకు పరిచయం చేశారు. మోటారుతో నడిచే నేటి స్టేప్లర్‌లో నొక్కే బలం మారిందే తప్ప స్టేపుల్ మడిచే పద్ధతి అదే.

ఇక స్టేపుల్ ఎత్తు సంగతి. దీన్ని కార్ట్రిడ్జ్ రంగును బట్టి గుర్తిస్తాము. చాలా కంపెనీల్లో తెల్ల కార్ట్రిడ్జ్ స్టేపుల్ కాలు 2.5 మి.మీ. ఉండి మూసుకున్నాక 1.0 మి.మీ. అవుతుంది, నీలంది 3.5 నుంచి 1.5కు, ఆకుపచ్చది నాలుగు మి.మీ. పైనుంచి 2.0కు వస్తుంది. రంగులు అన్ని కంపెనీల్లో ఒకేలా ఉండవు కనుక పెట్టె మీద అంకె చదివి మాత్రమే థియేటర్‌లో తెరిపించాలి. మందమైన పేగుకు పొట్టి స్టేపుల్ వేస్తే కాళ్లు గుంటల దాకా అందక సగం మడిచి ఊరుకుంటాయి, లేదా కణజాలం నలిగి రక్తం అందక చచ్చిపోతుంది. పలచని పేగుకు పొడుగు స్టేపుల్ వేస్తే B వదులుగా మిగిలి అంచు నుంచి రక్తం కారుతుంది, లీక్ కూడా కావచ్చు. ఊబకాయానికి జీర్ణాశయాన్ని సన్నటి గొట్టంలా మిగిల్చి చేసే స్లీవ్ ఆపరేషన్‌లో ఇది కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. జీర్ణాశయం కింది భాగమైన యాంట్రమ్ గోడ మందం, పై భాగమైన ఫండస్ గోడ పలచన. అందుకే నేను కింద ఆకుపచ్చతోనో, అంతకంటే ఎత్తైనదానితోనో మొదలుపెట్టి, పైకి పోయేకొద్దీ ఎత్తు తగ్గిస్తూ వస్తాను. మొదటి నుంచి చివరిదాకా ఒకే రంగు వాడి పొదుపు చేయడం నాకు నచ్చదు.

దవడలు మూసిన వెంటనే ఫైర్ చేయడం, అంటే స్టేపుళ్లు దించడం, కూడా నాకు ఇష్టం లేదు. వాచిన పేగులో నీరు నిండి ఉంటుంది. కనీసం పదిహేను సెకన్లు నొక్కి పట్టి ఉంచితే ఆ నీరు పక్కలకు జరిగి, కాళ్లు ఒకే మందంలో దిగుతాయి. ఫైర్ అయ్యాక యాన్విల్ వైపు అంచును గాజ్ అనే పలచని నూలు గుడ్డతో అద్ది దగ్గరగా చూస్తే ఒక్కొక్క B విడివిడిగా తేలుతుంది. రెండు కాళ్ల కొసలూ వీపు వైపు తిరిగి ఉంటే సరే. ఒక కాలు పక్కకు ఒరిగినా, తిన్నగా నిలబడినా అక్కడ కుట్టు వేసి తీరాలి. దవడల మధ్య పాత మెటల్ క్లిప్ ఏదీ చిక్కుకోకుండా ముందే చూసుకోవాలి, ఎందుకంటే దాని మీద స్టేపుల్ మడత పడదు, కత్తీ నడవదు.

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపకరించినది సర్క్యులర్ స్టేప్లర్. ఇరుకైన కటిభాగంలో, ముఖ్యంగా పురుషుల్లో, పురీషనాళం అడుగున చేతితో కుట్టడం ఎంత కష్టమో ఆ చోట సూది పట్టిన వారికి తెలుసు. ఈ పరికరం ఒక్క నొక్కుతో గుండ్రంగా స్టేపుళ్లు వేసి, లోపలి రెండు అంచులనూ రింగుల్లా కోసి తెస్తుంది. మేము డోనట్లు అనే ఆ రెండు రింగులను బల్ల మీద పరిచి, ఎక్కడా తెగకుండా పూర్తిగా ఉన్నాయో లేదో చూడనిదే ఆపరేషన్ ముందుకు సాగదు. తరువాత కటిలో సెలైన్ నింపి, కింది నుంచి గాలి పంపి బుడగలు వస్తాయేమో చూస్తాము. రెండు పరీక్షలూ సరిగ్గా ఉన్నా లీక్ అసలు రాదని హామీ లేదు. రక్తప్రసరణ, కలిపిన చోట పడే లాగుడు, రోగి పోషణ, ఇవి స్టేప్లర్ చేతిలో లేనివి.

లోపాల్లో మొదటిది ధర. ఒక్కో రీలోడ్ (మార్చి వేసే కొత్త కార్ట్రిడ్జ్) ఖర్చు రోగి మీద పడుతుంది కనుక, చేతికి అందే చిన్నపేగును నేను ఇప్పటికీ దారంతోనే కలుపుతాను. బాగా కుట్టిన కుట్టు అక్కడ ఏమాత్రం తీసిపోదు. రెండవది చవక రీలోడ్లు. ఒక తయారీదారు సరుకులో వరుస చివరి స్టేపుళ్లు మూసుకోకుండా తెరుచుకునే ఉండటం చూశాక వాటిని పూర్తిగా మానుకున్నాను. ఒకసారికి మాత్రమే ఉద్దేశించిన పరికరాన్ని కడిగి మళ్లీ వాడటాన్ని కూడా నేను ఒప్పుకోను. దవడలు ఏ కాస్త వంగినా స్టేపుల్ కాలు గుంట మధ్యలో కాక అంచు మీద పడుతుంది.

స్కిన్ స్టేప్లర్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది స్టీల్ తీగను B గా కాక, చర్మం పైన దాదాపు చతురస్రంగా మడుస్తుంది. వేగం దాని గొప్ప గుణం. ముఖం మీద మాత్రం నేను వాడను. పిన్నులు తీయడానికి దాని రిమూవర్‌నే వాడాలి. రిమూవర్ కింది దవడను పిన్ను కింద దూర్చి నొక్కితే నడుము కిందికి వంగి, కొసలు రెండూ పక్కలకు లేచి, చర్మాన్ని చీల్చకుండా బయటికి వస్తాయి. మామూలు ఫోర్సెప్స్‌తో లాగితే రోగికి అనవసరమైన నొప్పి. పేగులోని టైటానియం స్టేపుళ్లు మాత్రం లోపలే ఉండిపోతాయి. ఎం.ఆర్.ఐ. తీయించుకోవచ్చా అని డిశ్చార్జి రోజున రోగులు తప్పక అడుగుతారు. తీయించుకోవచ్చనీ, స్టేపుళ్లు ఉన్నాయని స్కాన్ గదిలో ముందుగా చెప్పాలనీ డిశ్చార్జి సమ్మరీలోనే రాసి ఇస్తాను.