లయన్ రాంపంట్: 24 పాయింట్లలో ఒక మధ్యయుగ సైన్యం

లయన్ రాంపంట్ డేనియల్ మెర్సీ రూపొందించిన మధ్యయుగ మినియేచర్ వార్‌గేమ్, అంటే బల్ల మీద చిన్న సైనిక బొమ్మలతో, పాచికలతో ఆడే యుద్ధపు ఆట. ఓస్ప్రే సంస్థ తన వార్‌గేమ్ పుస్తకాల శ్రేణిలో దీనిని 2014లో 64 పుటల పుస్తకంగా వెలువరించింది. 2022లో రెండవ కూర్పు వచ్చింది. ఈ సమీక్ష మా క్లబ్బులో ఆడుతున్న మొదటి కూర్పును గురించినది. ఆట పాతదే అయినా నాకు కొత్తది, నన్ను ఇందులోకి దించినవారు క్లబ్బు మిత్రులు.

నేను చాలాకాలంగా నెపోలియన్ కాలపు పెద్ద యుద్ధాలే ఆడుతూ వచ్చాను. వందల కొద్దీ బొమ్మలు, వరుసలు తీరిన పటాలాలు, ఒక సాయంత్రంలో తేలని పోరాటాలు ఉంటేనే అది చారిత్రక వార్‌గేమ్ అన్న అభిప్రాయం నాలో బలపడిపోయింది. పక్క బల్ల మీద నలుగురు మిత్రులు వారం వారం ఈ ఆట ఆడుతూ, రెండు గంటలలో ముగించి, మళ్లీ మొదలుపెట్టడం చూస్తూనే ఉన్నాను. వారు నన్ను ఒత్తిడి చేయలేదు. "నువ్వు ఏమీ కొనొద్దు, ఏమీ చదవొద్దు. మా బొమ్మలు తీసుకుని ఒక్క ఆట ఆడి చూడు" అన్నారు. కొత్త ఆటలోకి మనుషులను తీసుకురావడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. ఎందుకంటే ఈ అభిరుచిలో అసలు అడ్డంకి నియమాలు కావు, ఆడగలిగే స్థితికి చేరడానికి ముందు కొని, అతికి, రంగులు వేయవలసిన సైన్యం.

ఆ అడ్డంకిని ఈ ఆట చాలావరకు తగ్గిస్తుంది. ప్రతి దళానికీ పాయింట్లలో ఒక వెల ఉంటుంది; మామూలుగా ఒక్కో ఆటగాడు 24 పాయింట్ల పరివారంతో బరిలోకి దిగుతాడు. ఇక్కడ పరివారమంటే రాజు సైన్యం కాదు, ఒక ప్రభువు వెంట నడిచే సాయుధుల గుంపు. అందులోని ప్రతి దళంలోనూ 6 బొమ్మలో 12 బొమ్మలో ఉంటాయి. నిలువెల్లా లోహకవచం తొడిగిన రౌతుల దళానికి 6 పాయింట్లు, అదే స్థాయి కాల్బలానికి 6, వారికంటే తక్కువ స్థాయి పదాతులైన సార్జెంట్లకు 4, విలుకాళ్లకు 4. నేను ఎంచుకున్న పరివారంలో రౌతులు ఒక దళం, కవచధారులైన కాల్బలం ఒక దళం, సార్జెంట్లు ఒక దళం, విలుకాళ్లు రెండు దళాలు ఉన్నాయి. మొత్తం ఐదు దళాలకు 48 బొమ్మలు సరిపోయాయి. నా నెపోలియన్ సైన్యంలో ఒక బ్రిగేడుకే ఇంతకంటే ఎక్కువ బొమ్మలు కావాలి.

ఈ ఆటకు ప్రాణం ఆజ్ఞల నియమం. తన వంతు వచ్చినప్పుడు ఆటగాడు ఒక దళాన్ని ఎంచుకుని, అది కదలాలో, దాడి చేయాలో, బాణాలు వేయాలో చెప్పి, రెండు పాచికలు వేస్తాడు. ఆ దళానికి ఆ పనికి నిర్దేశించిన అంకె గాని, అంతకు మించి గాని పడితే పని జరుగుతుంది. పడకపోతే ఆ దళం నిలిచిపోవడమే కాదు, ఆటగాడి వంతు మొత్తం అక్కడితో ముగుస్తుంది. మిగిలిన దళాలు ఎంత కీలకమైన చోట ఉన్నా ప్రత్యర్థి ఆడేదాకా కదలకుండా ఉండవలసిందే.

చదివినప్పుడు ఇది కఠినమైన నియమంగా అనిపిస్తుంది, లెక్క వేసి చూస్తే దానిలోని ఆలోచన బయటపడుతుంది. విలుకాళ్లు బాణాలు వేయాలంటే 6 గాని అంతకు మించి గాని పడాలి. రెండు పాచికలతో దానికి అవకాశం దాదాపు 72 శాతం. ఒక్కసారికి ఇది ధైర్యం చెప్పే అంకే. కాని ఆరు దళాలకు వరుసగా అదే అవకాశంతో ఆజ్ఞలు ఇస్తే, ఆరింటికి ఆరూ నెగ్గే అవకాశం ఏడింట ఒక వంతుకు పడిపోతుంది. బరువైన రౌతులు దాడి చేయడానికి 5 చాలు, దాని అవకాశం 83 శాతం. వారు శత్రువు మీదికి కాకుండా ఊరికే స్థానం మారాలంటే 7 కావాలి, దాని అవకాశం 58 శాతమే. అంటే మెర్సీ ఏ దళం దేనికి ఉత్సాహపడుతుందో, దేనికి మొరాయిస్తుందో అంకెలలోనే రాసిపెట్టాడు. ప్రభువు కుమారులు గుర్రాల మీద కూర్చుని బుద్ధిగా పక్కకు జరగమంటే జరగరు, ఎదుట శత్రువు కనబడితే ఆపినా ఆగరు. వారి దూకుడుకు వేరే నియమం కూడా ఉంది: వంతు మొదట్లో శత్రువు అందుబాటు దూరంలో ఉంటే, ఆటగాడు కోరుకున్నా కోరుకోకపోయినా, ముందుగా వారి దాడికి పాచికలు వేయవలసిందే.

ఇందువల్ల ప్రతి వంతులోనూ ఆటగాడు ఆలోచించేది ఒక్కటే: ఏది ముందు? తప్పనిసరి పనిని మొదట చేయాలా, లేక తేలికగా నెగ్గే పనిని మొదట చేసి వంతును కొంత దూరం నడిపించాలా? నెపోలియన్ ఆటలలో నేను అన్ని దళాలనూ క్రమంగా కదుపుతూ, తప్పులను చివర్లో సరిదిద్దుకునేవాడిని. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఏ పని జరగకపోయినా తట్టుకోగలనో ముందే తేల్చుకోవాలి. నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది ఈ ఒక్క నియమమే. అయితే కొందరికి ఇదే నచ్చదు. వరుసగా మొదటి పాచికలే ఎదురుతిరిగితే ఒక ఆటగాడు చాలాసేపు చూస్తూ కూర్చోవలసి వస్తుంది, అలాంటి సాయంత్రాలు నిజంగానే వస్తాయి. వంతులు చాలా చిన్నవి కావడం వల్లనే అది భరించదగినదిగా ఉంటుంది.

పోరాట నియమాలు తేలికైనవి. దళంలో సగానికి మించి బొమ్మలు మిగిలి ఉంటే 12 పాచికలు, సగమో అంతకు తక్కువో అయితే 6 పాచికలు వేయాలి. తగిలిన దెబ్బలను ఎదుటి దళం కవచపు విలువతో భాగించి, ఎంత వస్తే అన్ని బొమ్మలను ఆ దళం నుంచి తీసివేయాలి. రౌతులు దాడి చేసినప్పుడు 3 గాని పైన గాని పడితే దెబ్బ, కాబట్టి 12 పాచికలకు సగటున 8 దెబ్బలు తగులుతాయి. విలుకాళ్ల కవచం 2, అందుచేత నలుగురు పోతారు. సార్జెంట్ల కవచం 3, అందుచేత ఇద్దరే పోతారు. ఒక భాగహారంతో ఎవరు ఎవరికి ఎదురు నిలవగలరో తేలిపోతుంది.

బాణాల విషయంలో ఈ లెక్క మరింత అర్థవంతంగా ఉంది. విలుకాళ్లకు 5 గాని పైన గాని పడాలి, అంటే 12 పాచికలకు సగటున 4 దెబ్బలు. కవచం 4 ఉన్న రౌతుల మీద దగ్గరి నుంచి ఒక్క బొమ్మ పోతుంది. దూరం 12 అంగుళాలు దాటితే కవచానికి ఒకటి కలుస్తుంది కాబట్టి సగటు బాణాల వానకు ఒక్కరు కూడా పడరు. బాణం 18 అంగుళాల దాకా చేరుతుంది గాని, రౌతుల లోహకవచాన్ని ఛేదించాలంటే దగ్గరికి రానివ్వాలి. రానిస్తే ఆ రౌతులే మీద పడతారు. పదిహేనవ శతాబ్దపు విలుకాడి సంకటమంతా ఈ రెండు అంకెల మధ్య ఉంది. బొమ్మలు పోయినప్పుడల్లా ధైర్య పరీక్ష ఉంటుంది; అందులో ఓడిన దళం చెదిరి వెనక్కి తగ్గి, తిరిగి కూడగట్టుకునేదాకా ఎందుకూ పనికిరాదు. చాలా దళాలు చివరి మనిషి దాకా పోరాడి కాక, ఇలా చెదిరిపోయే ఆటనుంచి తప్పుకుంటాయి, అదీ చరిత్రకు దగ్గరగా ఉన్న సంగతే.

నాయకుడికి పాచికలతో వచ్చే ఒక ప్రత్యేక లక్షణం, ఎదుటి నాయకుణ్ణి ద్వంద్వ యుద్ధానికి పిలిచే హక్కు, ఆటకు ముందు చేసే ప్రతిజ్ఞలు, వాటిని నెరవేర్చితే దక్కే కీర్తి పాయింట్లు కూడా ఉన్నాయి. ఇవి ఆటకు మంచి రుచి తెస్తాయి, కాని కొత్తవారు మొదటి ఆటలో వీటిని పక్కన పెట్టవచ్చు.

నా ప్రధానమైన అభ్యంతరం ఒకటుంది. దాడి చేసేటప్పుడు తప్ప, ఏ దళమూ మరొక దళానికి 3 అంగుళాల కంటే దగ్గరగా రాకూడదు, సొంత దళాలకు సైతం ఇదే వర్తిస్తుంది. బల్ల మీద గందరగోళం లేకుండా చేయడానికి ఈ నియమం ఉపయోగపడుతుందని ఒప్పుకుంటాను. కాని భుజం భుజం కలిపి నిలిచిన పదాతుల వరుస మధ్యయుగ యుద్ధానికి వెన్నెముక. ఆ వరుసను ఈ ఆటలో కట్టలేము. ఒక్కో దళం ఒక్కో దీవిలా నిలబడుతుంది. ఒక గ్రామం మీద దాడి, పొలాలు తగలబెట్టడం, బండ్ల బారును కాపాడుతూ దాటించడం వంటి ఘట్టాలలో ఇది లోపంగా తోచదు, ఎందుకంటే అక్కడ గుంపులు నిజంగానే విడివిడిగా తిరుగుతాయి. పెద్ద యుద్ధాన్ని ఇందులో ఇమిడ్చాలని చూస్తే మాత్రం వెంటనే అతకదు. పరివారాల ఘర్షణకు రాసిన నియమాలను ఆ మేరకే వాడుకోవాలని నా అభిప్రాయం.

అయినా మా మిత్రులు టౌటన్ యుద్ధపు తొలి ఘట్టాన్ని ఆడించారు (ఇంగ్లండు సింహాసనం కోసం యార్క్, లాంకాస్టర్ వంశాల మధ్య సాగిన రోజాల యుద్ధాలలో అది ఒకటి), అది బాగా కుదిరింది కూడా. 1461 మార్చి 29న మంచు కురుస్తుండగా, యార్క్ పక్షపు విలుకాళ్లకు గాలి అనుకూలంగా వీచింది. ఎదుటి లాంకాస్టర్ బాణాలు లక్ష్యానికి ముందే నేలరాలాయి. పుస్తకంలో గాలికి నియమమేదీ అక్కరలేకుండానే, లాంకాస్టర్ పక్షం బాణాల దూరాన్ని 18 నుంచి 12 అంగుళాలకు తగ్గించి వారు ఆ పరిస్థితిని తెచ్చారు. లాంకాస్టర్ ఆటగాడు కాసేపటికే ముందుకు రాక తప్పలేదు, నాడు ఆ సైన్యమూ అదే చేసింది. నియమాలు ఇంత సరళంగా ఉండటం వల్లనే ఇలాంటి మార్పును ఒక్క వాక్యంలో చేర్చుకోగలుగుతున్నాము.

బొమ్మల సంగతి. పుస్తకం ఏ ఒక్క తయారీదారుతోనూ ముడిపడి లేదు, ఇదివరకే ఎవరి దగ్గరైనా మధ్యయుగ బొమ్మలుంటే అవే చాలు. నేను రోజాల యుద్ధాల కాలాన్ని ఎంచుకుని, పెర్రీ సంస్థ వారి 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పదాతుల పెట్టె తీసుకున్నాను. అందులో 40 బొమ్మలున్నాయి. బిల్లు (పొడవాటి కర్రకు కొక్కెం లాంటి కత్తి బిగించిన ఆయుధం) పట్టిన సార్జెంట్లకూ రెండు విలుకాళ్ల దళాలకూ 36 పోగా నాలుగు మిగిలాయి. శిరస్త్రాణాలు, చేతులు విడి భాగాలుగా ఉంటాయి కాబట్టి ఏ ఇద్దరూ ఒకేలా ఉండనక్కరలేదు. భాగాలు చక్కగా అతుకుతాయి, ముఖాలలో జీవం ఉంది. విలుకాళ్ల వింటి కొనలు మాత్రం సున్నితం, వేరు చేసేటప్పుడు కత్తెర కాక పదునైన బ్లేడు వాడటం మంచిది.

ఈ కాలం ఎంచుకోవడంలో ఒక సౌలభ్యం ఉంది: పరివారమంతా ప్రభువు రంగుల కోట్లే తొడుగుతుంది. వారిక్ ప్రభువు మనుషులకు ఎర్ర కోటు, దాని మీద కొమ్మలు నరికిన కర్ర గుర్తు. ఒకే ఎరుపును అందరికీ పూసి, గోధుమ రంగు వాష్ (బాగా పలుచన చేసిన రంగు) పారించి, మడతల మీద మళ్లీ లేత ఎరుపు తాకించినా దళం కంటికి నిండుగా కనబడుతుంది. సమయమంతా గుర్తుల మీదే పెట్టాను, పెట్టడం సబబే. 1471 ఏప్రిల్ 14న బార్నెట్‌లో పొగమంచు కమ్మినప్పుడు, వారిక్ పక్షానే పోరాడుతున్న ఆక్స్‌ఫర్డ్ ప్రభువు మనుషుల కోట్ల మీది కిరణాల నక్షత్రాన్ని, శత్రువైన ఎడ్వర్డ్ రాజు కిరణాల సూర్యుడిగా పొరబడి సొంత పక్షమే వారి మీద బాణాలు వేసింది. ద్రోహం, ద్రోహమన్న కేకలతో ఆక్స్‌ఫర్డ్ దళం చెదిరిపోయింది, ఆ రోజే వారిక్ ప్రభువు హతుడయ్యాడు. వేలెడంత బొమ్మ ఛాతీ మీద ఆ గుర్తును దిద్దుతున్నప్పుడు, అది అలంకారం కాదని, ఒక మనిషిని కాపాడగల లేదా చంపించగల ఆనవాలని తెలిసి దిద్దడంలో వేరే శ్రద్ధ ఉంటుంది.

పుస్తకం అమరికలో కొన్ని చిన్న ఇబ్బందులు ఉన్నాయి. దళాల వివరాలు పలు పుటలలో పరచుకుని ఉన్నాయి, ఆట నడుస్తుండగా అటూ ఇటూ తిప్పవలసి వస్తుంది. మా మిత్రులు ఒక్కో దళానికి ఒక్కో చిన్న కార్డు రాసుకుని ఈ బాధ తీర్చుకున్నారు. సార్జెంట్ల కంటే ఒక మెట్టు కిందివారైన 3 పాయింట్ల పదాతి యోమన్ల దళం ఆ వెలకు తగినంత పని చేయదని నాకు అనిపిస్తోంది, ఒక పాయింటు కలిపి సార్జెంట్లను తీసుకోవడమే మేలు. ఇంగ్లిష్ చదవగలిగి, జోడుగా ఆడే ఒక్క మనిషి ఉన్న ఎవరికైనా ఈ పుస్తకాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. ఇప్పుడు కొత్తగా కొనేవారు రెండవ కూర్పునే తీసుకోవచ్చు గాని, క్లబ్బులో మిగతావారు ఏ కూర్పుతో ఆడుతున్నారో ముందు అడగడం మంచిది. బొమ్మలు మాత్రం రెండింటికీ అవే పనికివస్తాయి.