టెయిల్ లైట్లు మార్చాలంటే ఏది మేలు: స్మోక్ ఫిల్మా, ఎల్ఈడీ బల్బులా, కొత్త సెట్టా?

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా ఇంటికి ఎప్పుడొచ్చినా ముందు కారు వెనక్కి వెళ్లి నిలబడతాడు. "మామయ్యా, ముందు నుంచి బాగానే ఉంది. వెనక నుంచే పాతబడినట్టుంది. టెయిల్ లైట్లు మార్పిద్దాం" అని ఒకటే గొడవ. మాది 2014లో వచ్చిన తరం హోండా సిటీ, కింది వేరియంట్. వెనక ఇప్పటికీ ఫిలమెంట్ బల్బులే. వాడు అన్నన్నిసార్లు అన్నాక నాకూ ఆశ పుట్టింది. ఇద్దరం కూర్చుని చూస్తే మా ముందు నాలుగు దారులు కనిపించాయి: లైట్ల మీద నల్ల స్మోక్ ఫిల్మ్ వేయించడం, లోపలి బల్బుల స్థానంలో ఎల్ఈడీలు పెట్టడం, బయటి కంపెనీల ఎల్ఈడీ సెట్ కొనడం, అదే కారు పై వేరియంట్‌కు వచ్చే కంపెనీ సెట్ వేయించడం.

వాడి మనసు స్మోక్ ఫిల్మ్ మీదే. కొన్ని వందల్లో అయిపోతుంది, అరగంట పని. షాపతన్ని ముందు కుడి వైపు ఒక్కదానికే అతికించమన్నాను. సాయంత్రం అయిదున్నరకు కారు వెనక భాగాన్ని పడమటి ఎండకు ఎదురుగా పెట్టి, వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి బ్రేక్ నొక్కుతూ వదులుతూ ఉండమన్నాను. నేను నలభై అడుగులు వెనక్కి నడిచి చూశాను. ఎడమ లైటు వెలిగి ఆరడం స్పష్టంగా తెలుస్తోంది. కుడి లైటు దగ్గర కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే తప్ప తేడా తెలియలేదు. తర్వాత నేను సీట్లో కూర్చుని వాణ్ణి వెనక్కి పంపాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి "తీయించేద్దాం మామయ్యా" అని వాడే అన్నాడు.

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద సాయంత్రం పూట వెళ్తుంటే మన పరిస్థితి సరిగ్గా ఇదే. మనం తూర్పుకు పోతుంటాం, ఎండ వెనక నుంచి నేరుగా లైట్ల మీద పడుతుంది. మామూలు లైటే ఆ ఎండలో వెలవెలబోతుంది, దాని మీద నల్ల పొర కూడానా? రాత్రి పూట కథ ఇంకా ఘోరం. టెయిల్ లైటులో ఎర్ర రిఫ్లెక్టర్ కూడా కలిసి ఉంటే అది కూడా ఫిల్మ్ కిందికే పోతుంది. వెనక వచ్చే బండి వెలుతురు ఫిల్మ్ దాటి లోపలికి వెళ్లి, మళ్లీ అదే ఫిల్మ్ దాటి బయటికి రావాలి. సగం వెలుతురును ఆపే ఫిల్మ్ అయితే రిఫ్లెక్టర్ నుంచి వచ్చేది నాలుగో వంతే. బ్యాటరీ దిగిపోయి కారు చీకట్లో రోడ్డు పక్కన ఆగితే, వెనక వచ్చే లారీ డ్రైవర్‌కు మన ఉనికి చెప్పేది ఆ రిఫ్లెక్టర్ ఒక్కటే. అందుకే ఫిల్మైనా, స్మోక్ స్ప్రే అయినా వద్దనే చెబుతాను. ఎంత లేత రంగైనా వద్దు.

ఎల్ఈడీ బల్బుల విషయంలో మాత్రం నిజమైన లాభం ఉంది. ఫిలమెంట్ వేడెక్కి పూర్తి వెలుగు ఇవ్వడానికి సెకనులో దాదాపు అయిదో వంతు పడుతుంది. ఎల్ఈడీ నొక్కిన క్షణానే వెలుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ కొద్దిపాటి తేడాలో వెనక బండి అయిదున్నర మీటర్లు ముందుకొచ్చేస్తుంది. మా సిటీ పొడవు 4.44 మీటర్లు. అంటే ఒక కారు పొడవు కంటే ఎక్కువ దూరం మిగిలినట్టే. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుండగా ఈ లెక్క వేసుకుంటే లుక్ సంగతి తర్వాత అనిపిస్తుంది.

కానీ ఏ ఎల్ఈడీ పడితే అది పెడితే ఉన్నది చెడుతుంది. వెనక లైటులో ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, టెయిల్‌కు 5 వాట్లు, బ్రేక్‌కు 21. ఈ తేడా వల్లే రాత్రి పూట మనం బ్రేక్ వేసింది వెనకవాళ్లకు తెలుస్తుంది. చవక ఎల్ఈడీల్లో రెండూ దాదాపు ఒకే వెలుగు. మేం మొదట తెచ్చిన జత అలాంటిదే. పార్కింగ్ లైట్లు వేసి బ్రేక్ నొక్కితే వెలుగు పెరిగిందో లేదో తెలియలేదు. మర్నాడే తిరిగిచ్చేశాం. ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్ఈడీ పెట్టడం మరో పొరపాటు. తెల్ల ఎల్ఈడీ వెలుగులో ఎరుపు పాలు తక్కువ, అందుకే అద్దం దాటేసరికి నీరసంగానో గులాబీ రంగులోనో కనిపిస్తుంది. ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్ఈడీయే కావాలి. బల్బు పక్కలకు కూడా వెలుగు చిమ్మాలి. లైటు లోపల మెరిసే గిన్నె ఫిలమెంట్ బల్బుకు తగ్గట్టు తయారైంది కదా, ఒకే దిక్కున వెలిగే ఎల్ఈడీ పెడితే మధ్యలో ఒక చుక్క మెరిసి చుట్టూ చీకటిగా ఉంటుంది.

ఇండికేటర్ల జోలికి మాత్రం పోవద్దు. ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకోవడంతో చాలా కార్లలో బల్బు పోయిందనుకుని ఇండికేటర్ టకటకా కొట్టుకుంటుంది. దానికి విరుగుడుగా షాపుల్లో అదనంగా కరెంటు లాగే రెసిస్టర్ తగిలిస్తారు. అది బాగా వేడెక్కుతుంది. ప్లాస్టిక్‌కో వైరింగ్‌కో ఆనించి కడితే అవి కరిగిపోతాయి. వెలుగు కోసం పెట్టిన బల్బుకు వేడి పుట్టించే పెట్టె తగిలించడం నాకు ససేమిరా నచ్చలేదు.

ఇక బయటి ఎల్ఈడీ సెట్లు. చూడ్డానికి చాలా బాగుంటాయి, ఒప్పుకోవాలి. డోర్ అన్‌లాక్ చేయగానే గీతలు పరిగెడతాయి, ఇండికేటర్ లోపలి నుంచి బయటికి పాకుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఇలాంటిదే వేయించారు. జూలై వానలకు అద్దం లోపల ఆవిరి పట్టింది, ఆగస్టు కల్లా ఎడమ వైపు గీతలో సగం చీకటి. సీల్ చేసిన సెట్టులో ఒక బల్బు మార్చడమంటూ ఉండదు, ఆ వైపు లైటు మొత్తం కొనాలి. పైగా కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) సరిపోక వైర్లు కోసి అతికారట, అసలు బాధ అదే. కొనాలనే ఉంటే మూడు చూడండి: వైరు కోయకుండా కప్లర్‌కు కప్లర్ కలవాలి, అద్దం మీద గుండ్రటి గుర్తులో ఇంగ్లిష్ 'E' అక్షరం, పక్కన అంకె (ప్రమాణాల ఆమోద ముద్ర) ఉండాలి, సెట్టులో రిఫ్లెక్టర్ ఉండాలి. బ్రేక్ కొడితే మిణుకుమనే రకం అసలు ముట్టుకోవద్దు.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019లో చేర్చిన 182ఎ సెక్షన్ ప్రకారం చట్టం ఒప్పుకోని మార్పుకు ఓనర్‌కు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. క్లెయిమ్ సమయంలో కోసిన వైరింగ్ మీద ఇన్సూరెన్స్ వాళ్లు ప్రశ్నలు వేస్తే ఆ టెన్షన్ వేరు.

ఈ లెక్కన డబ్బుకు ఇబ్బంది లేకపోతే నాలుగో దారే మేలు. మా సిటీకి 2017 ఫేస్‌లిఫ్ట్‌లో పై వేరియంట్‌కు ఎల్ఈడీ టెయిల్ ల్యాంపులు ఇచ్చారు. రిఫ్లెక్టర్, సీలు, బ్రేక్‌కు టెయిల్‌కు తేడా అన్నీ కంపెనీ లెక్క ప్రకారమే ఉంటాయి. బయటి ఆకారం ఒకటిగా కనిపించినా పిన్నులు వేరుగా ఉండొచ్చు. అందుకని డబ్బు కట్టే ముందే చాసిస్ నంబరు చెప్పి, కప్లర్ కలుస్తుందో లేదో విడిభాగాల కౌంటర్‌లో కనుక్కోండి.

మేం ఆ ఖర్చు పెట్టలేదు. మాన్యువల్ చూసి అదే బేస్ (హోల్డర్‌లో కూర్చునే బల్బు అడుగు భాగం) ఉన్న మంచి ఎర్ర ఎల్ఈడీ జత తెచ్చి బ్రేక్ లైట్లకు మాత్రం పెట్టించాం. చీకటి పడ్డాక మళ్లీ అదే నలభై అడుగుల పరీక్ష చేశాం. ఈసారి వెనక నిలబడింది మా అక్క కొడుకు. "ఇప్పుడు నొక్కావు, ఇప్పుడు వదిలావు" అని అక్కణ్ణుంచే అరిచి చెప్పాడు, ఒక్కసారి కూడా తప్పలేదు. తీసిన పాత బల్బులు రెండూ గుడ్డలో చుట్టి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టాను. ఎల్ఈడీ ఎప్పుడైనా దారిలో మొరాయిస్తే సూర్యాపేటలోనో కోదాడలోనో షాపు వెతుక్కోకుండా అక్కడికక్కడే వేసుకోవచ్చు.