పిల్లలకి ప్లూటో చూపించాలంటే: ‘నాసా ఐస్’ ఎంతవరకు పనికొస్తుంది?

ప్లూటో పేరెత్తితే మాటలన్నీ ‘గ్రహమా, కాదా’ దగ్గరే తిరుగుతాయి. 2006 ఆగస్టు 24న మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు, ఆ ముక్క ఒక్క నిమిషంలో చెప్పేయొచ్చు. అసలు చూడాల్సింది అక్కడి మంచు, కొండలు, పక్కనే తిరిగే షారన్ అనే ఉపగ్రహం. దానికి ‘నాసా ఐస్ ఆన్ ద సోలార్ సిస్టం’ అనే వెబ్‌సైట్ బాగుంటుంది. (ఇది కళ్లు అనే ఐస్, మంచు అనే ఐస్ కాదు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, పిల్లలు ముందు అదే అడుగుతారు.) డబ్బులు కట్టక్కర్లేదు, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. తెలుగు మాత్రం లేదు. త్రీడీ బొమ్మలు కాబట్టి పాత ఫోన్లలో తడబడుతుంది. ల్యాప్‌టాప్ ఉంటే అదే నయం.

పిల్లల చేతికిచ్చి వదిలేస్తే పని జరగదు. వేగం మార్చే స్లైడర్‌ని చివరికంటా లాగి గ్రహాలన్నిటినీ బొంగరాల్లా తిప్పేస్తారు. ముందు మీరే ప్లూటో పక్కనుంచి దూసుకెళ్లిన న్యూ హొరైజన్స్ అనే అంతరిక్ష నౌకని వెతికి పెట్టుకోండి. తేదీ 2015 జూలై 14, మన టైం సాయంత్రం 4 గంటలు. వేగం, సెకనుకి ఒక నిమిషం గడిచేలా పెట్టండి. నౌక ప్లూటోకి అతి దగ్గరగా, అంటే 12,500 కి.మీ. దూరం నుంచి, వెళ్లింది 5:19కి. ఆ లెక్కన 80 సెకన్లలో ప్లూటో చుక్కలా మొదలై ముఖం మీదకొచ్చినంత పెద్దదవుతుంది. వేగం ఇంతకన్నా పెంచితే కన్ను మూసి తెరిచేలోపు దాటిపోతుంది.

“అక్కడ ఎందుకు ఆగలేదు?” అని తప్పకుండా అడుగుతారు. సెకనుకి దాదాపు 14 కి.మీ. వేగంతో వెళ్తున్న నౌకకి బ్రేకు వేయాలంటే మోసుకెళ్లలేనంత ఇంధనం కావాలి. ప్లూటో తన చుట్టూ తాను తిరగడానికి 6.4 రోజులు పడుతుంది. అందుకే గుండె ఆకారంలో పెద్ద మచ్చ ఉన్న వైపు మాత్రమే దగ్గర్నుంచి ఫొటోలకి చిక్కింది. అవతలి వైపుని మూడు రోజుల ముందు, సుమారు 40 లక్షల కి.మీ. దూరం నుంచి తీశారు. అటు తిప్పినప్పుడు బొమ్మ మసకగా ఉంటే నెట్‌ని తిట్టుకోకండి.

గుండెలో ఎడమ సగం దగ్గర కాసేపు ఆగండి. దాని పేరు స్పుత్నిక్ ప్లానిషియా, అక్కడున్నది గడ్డకట్టిన నైట్రోజన్. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం అదే. దాని అంచున మూడు వేల మీటర్లు దాటిన కొండలు మామూలు నీటి మంచు. సున్నాకి 230 డిగ్రీలు కింద, గ్లాసులో వేసుకునే మంచుముక్క బండరాయంత గట్టిగా ఉంటుంది.

ఈ సైట్‌లో అసలు లోటు షారన్ దగ్గర. ప్లూటో మీద నొక్కగానే కెమెరా దానికే అతుక్కుపోతుంది. దాంతో ప్లూటో కదలకుండా కూర్చున్నట్టు, షారన్ ఒక్కటే చుట్టూ తిరుగుతున్నట్టు కనబడుతుంది. నిజానికి రెండూ కలిసి, మధ్యలోని ఒక ఖాళీ చోటు చుట్టూ తిరుగుతాయి.

దీనికి బంకమట్టే మందు. 24 మి.మీ. ఉండ ప్లూటో, 12 మి.మీ. ఉండ షారన్. కొబ్బరి ఈనెకి చెరో చివర గుచ్చి, రెండు ఉండల నడిమికీ నడిమికీ మధ్య 19.6 సెం.మీ. ఉండేలా చూడండి. ఒక మి.మీ.కి వంద కి.మీ. కొలత ఇది. ఇప్పుడు ఈనెకి దారం కట్టి, అటూ ఇటూ జరుపుతూ వేలాడదీయండి. పెద్ద ఉండ నడిమి నుంచి రెండు సెం.మీ. పైచిలుకు దూరంలో, అంటే ఉండ బయట, తూకం కుదురుతుంది. అక్కడ పట్టుకుని తిప్పితే పెద్ద ఉండ కూడా ఊగుతూ తిరగడం కళ్లారా చూస్తారు. రెండు ఉండలకీ ఒకే మట్టి వాడాలి, ఒకే తడి ఉండాలి. చపాతీ పిండి వద్దు, ఈనె మీద జారిపోతుంది. ఈనె బదులు లావు వెదురుపుల్ల పెడితే దాని బరువుకి తూకం షారన్ వైపు జరుగుతుంది. చిన్న ఉండ ఒక్క రెండు మి.మీ. పెరిగినా బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, కాబట్టి స్కేలుతో కొలిచి చేయించండి.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి ముందు సైట్, తర్వాత మట్టి. అంతకన్నా చిన్నవాళ్లకి మట్టి ఒక్కటి చాలు.